శివకుమారి బండి

కర్నూలు పక్కన కల్లూరు ఇండస్ట్రియల్ ఎస్టేటులో బంపర్లు అతికే నాగరాజ్ షెడ్డుకు జనం రెండు పనులమీద వస్తారు. విరిగిన బంపర్ అతికించుకోవడానికి కొందరు, పడిన గీత ఇంట్లోవాళ్ల కంట పడకుండా చేయించుకోవడానికి ఇంకొందరు. నిక్షేపంలాంటి బంపర్‌ను కోయించుకోవడానికి వచ్చినవాడు శేషన్న ఒక్కడే. అదీ ఎట్లాగంటే, కోసినట్టు ఎవరికీ తెలియకుండా కోయాలట.

నాగరాజ్ నవ్వాడు. శేషన్న నవ్వలేదు. శేషన్న నవ్వగా చూసినవాళ్లు కల్లూరులో లేరు. ఎస్టేటు వెనక ఒంటి గదిలో అద్దెకుంటాడు, పొద్దున్నే తెల్ల టవేరాను తడిగుడ్డతో తుడుచుకుంటాడు, బేరం ఉంటే పోతాడు, లేకపోతే బండి తలుపు తెరిచిపెట్టుకుని అందులోనే కూర్చుంటాడు. గదిలో కుర్చీ లేక కాదు. గదిలో కూర్చుంటే గోడలు కనపడతాయి, బండిలో కూర్చుంటే మనుషులు కనపడతారు. అంతే తేడా.

ఆయన సొంతూరు కోసిగి. ఊళ్లో చేను ఉండేది గానీ చేనుమీద వాన ఉండేది కాదు. మిరపకోతల కాలం వచ్చేసరికి సగం ఊరు ఇళ్లకు తాళాలు వేసుకుని గుంటూరు దిక్కు పోయేది. వాళ్లను దింపిరావడం, తీసుకురావడం, మధ్యలో పెండ్లిళ్లకూ తిరునాళ్లకూ తిప్పడం, ఇదే శేషన్న బతుకు. భార్య గిడ్డమ్మ. పిల్లలు లేరు. లేరనే మాటను ఆ ఇంట్లో పెద్దగా తలుచుకోనివ్వకుండా చేసింది అదే ఊళ్లో కాపురమున్న చెల్లెలు జీవమ్మ కూతురు శివకుమారి. ఆ పిల్ల సగం పెరిగింది మేనమామ ఇంట్లోనే. బండి కొన్న కొత్తలో శేషన్న వెనక అద్దం నిండా ఎర్ర రేడియం అక్షరాలతో ఆ పిల్ల పేరు వేయించాడు. ఆ దిక్కు ఊళ్లలో బస్సునుగానీ ఆటోనుగానీ నంబరుతో ఎవరూ పిలవరు, దానిమీద ఏ పేరుంటే ఆ పేరుతోనే పిలుస్తారు. పలకాబలపం వయసులో తన పేరు రోడ్డుమీద పరుగెత్తడం చూసుకుని శివకుమారి ఆ బండి తనదేనని తీర్మానించుకుంది. నా పెండ్లికి ఇందులోనే కూర్చుని పోతానని మామతో ఒట్టు కూడా వేయించుకుంది. శేషన్న జీవితంలో వేసిన ఒట్టు అదొక్కటే.

ఇక గిడ్డమ్మ సంగతి. ఎండలు ముదురుతున్న రోజుల్లో, పొద్దున కసువు ఊడుస్తూ ఊడుస్తూ కూలబడి మళ్లీ లేవలేదు. జీవమ్మ అప్పుడు గుంటూరు దిక్కు కోతల్లో ఉంది. జీవమ్మకు గిడ్డమ్మ పేరుకు వదినగానీ తల దువ్వి జడవేసి, పెండ్లి చేసి పంపింది ఆమే. కబురు పోయింది, జీవమ్మ బయల్దేరింది. కానీ ఆ దూరం ఎండకు తెలియదు కదా. శవాన్ని ఉంచే ఐసుపెట్టె కోసం ఫోన్లు చేస్తే దగ్గరలో ఉన్నదొక్కటీ అప్పటికే వేరే ఊళ్లో ఉంది. ఐసుగడ్డలు తెచ్చి చుట్టూ పేర్చారు. అవి చూస్తుండగానే నీళ్లయి వాకిట్లోకి పారాయి. ఇంక ఉంచకూడదన్నారు పెద్దలు. జీవమ్మ బస్సు దిగి సరాసరి మట్టి దిబ్బ దగ్గరికే వచ్చింది. మా వదిన మొగమన్నా చూపీకపోతిరే అని ఒక్క మాట అంది. మళ్లీ ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు. ఎత్తి ఉంటే శేషన్నకు కొంచెం బరువు తగ్గేదేమో. ఆ ఏడాదే ఇంటికి తాళం వేసి కల్లూరు వచ్చేశాడు.

కర్నూలులో కేశవయ్య శెట్టి అని స్టీలుసామాన్ల అంగడి ఆసామి ఉన్నాడు. పెద్దవాడు. ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ పోయాక ఆమె పేరుమీద ఏదైనా చేయాలని, చక్రాలమీద ఐసుపెట్టె ఒకటి చేయించాడు. పెట్టె, దానికో చిన్న జనరేటరు, కింద ట్రాలీ. కరెంటు నిలవని పడమటి ఊళ్లకు ఎవరు అడిగినా ఊరికే పంపాలని ఆయన కోరిక. పెట్టె పక్కన నీలిరంగు అక్షరాలతో రాజ్యలక్ష్మమ్మ జ్ఞాపకార్థం అని రాయించాడు. అంతా బాగుంది, లాగే బండి దొరకలేదు. శవంపెట్టెను లాగిన బండిని పెండ్లికి ఎవరు పిలుస్తారు? అడిగిన ప్రతి డ్రైవరూ దండం పెట్టి తప్పుకున్నాడు. శేషన్న మాత్రం శెట్టి మాట పూర్తికాకముందే సరే అన్నాడు. గిడ్డమ్మ సంగతి ఆయనకు చెప్పలేదు. చెప్పాల్సిన పని లేదనుకున్నాడు.

సరే అనడం అయ్యాక ఒట్టు గుర్తొచ్చింది. అందుకే నాగరాజ్ దగ్గర ఈ వింత కోరిక.

సంగతి తేలికగా చెప్పుకుంటే ఇది. ట్రాలీని లాగాలంటే బండి అడుగున ఇనుప చట్రానికి ఒక కొక్కెం బిగించాలి. దాని కొసన నిమ్మకాయంత నున్నటి ఇనుప గుండు ఉంటుంది. ట్రాలీ మెడ వచ్చి ఆ గుండుమీద కూర్చుంటుంది. ఆ గుండుకు సరిగ్గా ఎదురుగా, బండి వెనక నడుమభాగంలో, ప్లాస్టిక్ బంపర్ అడ్డం. కాబట్టి బంపర్‌కు నోరు తెరవాలి. పెట్టె లాగేటప్పుడు నోరు తెరిచి ఉండాలి, లాగనప్పుడు మూసుకోవాలి, మూసుకున్నాక అక్కడ నోరున్నట్టు కనపడకూడదు. మనుషులకే చేతకాని పని బంపర్‌తో చేయించాలని శేషన్న పట్టుదల.

"కోసిన తునక పారేయొద్దప్పా. దాన్నే మూత చేయ్. పెండ్లోళ్లు వచ్చి సూసినా కొక్కెం కనపడగూడదు" అన్నాడు.

నాగరాజ్ పని తెలిసినవాడు, మాట ఎక్కువ. చక్రాల పక్కన స్క్రూలు విప్పుతూ, అడుగున క్లిప్పులు ఊడబెరుకుతూ, విప్పిన బంపర్‌ను పాతటైరుమీద బోర్లా పెడుతూ చెబుతూనే ఉన్నాడు. మలుపు తిరిగితే ట్రాలీ మెడ పక్కకు వస్తుంది, పల్లంలో దిగితే పైకి లేస్తుంది, ఆ ఆటకంతా చోటు వదలాలి, కాబట్టి నోరు పెద్దగానే కోయాలి అన్నాడు. శేషన్న వినలేదు. అరచేయి అడ్డంపెట్టి ఇంతకు మించి కోస్తే ఒప్పుకోనన్నాడు. చిన్న నోరైతే చిన్న మూత, చిన్న మూతైతే ఎవరి కంటికీ ఆనదు. అదీ ఆయన లెక్క. నాగరాజ్ చేతులు దులుపుకుని, బండి నీది, బంపర్ నీది, నాదేం పోయింది అన్నాడు.

అట్టముక్కమీద నలుచదరంగా నోరు గీసి, దాన్ని కత్తిరించి బంపర్‌మీద అంటించాడు. ఎండెక్కితే ప్లాస్టిక్ మెత్తబడి కోత వంకరపోతుందని పొద్దున నీడలోనే పని మొదలుపెట్టాడు. గీసిన నాలుగు మూలలా ముందు గుండ్రటి రంధ్రాలు వేశాడు. మూల సూదిగా ఉంటే అక్కడినుంచే పగులు బయల్దేరుతుందట. ఆ తర్వాత సన్నటి రంపం బ్లేడుతో నెమ్మదిగా కోశాడు. శేషన్న పక్కనే గొంతుక్కూర్చుని, తన ఒంటిమీదే కోస్తున్నట్టు మొహం పెట్టాడు. కోత అంచులను గరుకు కాగితంతో రుద్ది, రబ్బరు పట్టీ తొడిగి, కోసిన ముక్కకు లోపల రెండు క్లిప్పులూ ఒక రెక్కల నట్టూ అమర్చాడు. మూత బిగించి ఇద్దరూ దూరంగా నిలబడి చూశారు. నిజంగానే బాగా కుదిరింది. దగ్గరికి వచ్చి వేలితో తడిమితే తప్ప తెలియదు.

మొదటి పిలుపు ఎమ్మిగనూరు దాటాక ఒక చిన్న ఊరినుంచి వచ్చింది. శేషన్న మూత తీసి వెనక సీటులో పెట్టుకుని, పెట్టె తగిలించుకుని బయల్దేరాడు. తారురోడ్డు ఉన్నంతవరకూ పెట్టె పిల్లిలా వెంట వచ్చింది. ఊరిముందు ఎండిన వంకలోకి దిగాల్సి వచ్చింది. బండి ముక్కు ఎక్కుతుంటే ట్రాలీ ఇంకా దిగుతూనే ఉంది. నాగరాజ్ చెప్పిన మెడ ఆట అక్కడ మొదలైంది. ఇరుకు నోట్లో ఇమడలేక అది బంపర్‌ను కిందినుంచి పొడిచింది. టపాకాయ పేలినట్టయింది. శేషన్న దిగి చూస్తే కోత మూలనుంచి పగులు జానెడు పైకి పాకి ఉంది. చేసుకున్నవాడికి చేసుకున్నంత అని తనను తానే తిట్టుకుని మళ్లీ ఎక్కాడు. ఆ ఇంట్లో చనిపోయింది ఒక ముసలాయన. కొడుకు బెంగళూరునుంచి రావాలి. పెట్టెకు కరెంటు పెట్టి, లోపల చల్లబడిందాకా చేయి పెట్టి చూసి, శేషన్న దూరంగా వేపచెట్టు నీడకు పోయాడు.

మరుసటి రోజు కొడుకు వచ్చాడు, తండ్రి మొహం చూసుకున్నాడు, ఏడ్చాడు. ఆ ఏడుపు వింటూ శేషన్న తనకు తెలియకుండానే కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు. కార్యం అయ్యాక పెట్టె కడిగి, ట్రాలీ తగిలించుకుని, గడపలో కూర్చున్న ముసలామెతో పోయొస్తామ్మా అన్నాడు. ఏ ఇంటినుంచి కదిలినా అనే మాటే. ముసలామె తలెత్తి చూసింది. పెద్దమనిషి ఒకాయన శేషన్న భుజంమీద చేయి వేసి బయటికి నడిపించాడు.

"సావింట్లో ఆ మాట అనగూడదప్పా. నీవు మల్లా రాకుంటేనే మాకు బాగు" అన్నాడు. కోపంగా కాదు, మెల్లగానే అన్నాడు.

శేషన్నకు తెలియని ఆచారమేం కాదు. చావింటినుంచి చెప్పకుండా లేచిపోవాలని చిన్నపిల్లలకూ తెలుసు. కానీ డ్రైవరుకూ ఆ పద్ధతి వర్తిస్తుందని అప్పుడే తెలిసింది. ఆ రోజునుంచి చెప్పడం మానేశాడు. పని కాగానే ఎవరివైపూ చూడకుండా బండి తీసేవాడు. ఒక్క ఇంట్లో అయితే పర్వాలేదు. అన్ని ఇళ్లూ అట్లాంటివే అయినప్పుడు మనిషికి ఏమవుతుందో ఆ పెద్దమనిషికి తెలియదు పాపం.

నాగరాజ్ పగులుకు వెనకనుంచి ఇనుపజాలీ పెట్టి, వేడిచేసి కరిగించి అతికాడు. ఈసారి శేషన్న అరచేయి అడ్డం పెట్టలేదు. ట్రాలీ మెడ ఎటు తిరిగినా తగలనంత పెద్దగా నాగరాజ్ కోశాడు. కొత్తగా కోసిన తునకలూ అతికేసరికి మూత ఇప్పుడు చపాతీ పీటంత అయింది.

పడమటి ఊళ్లన్నీ శేషన్న తిరిగాడు. పల్లె మొదట్లో అరుగుమీద మాటలాడుకుంటున్నవాళ్లు బండి కనపడగానే మాట ఆపేవాళ్లు. పిల్లల్ని లోపలికి పిలిచేవాళ్లు. మంచినీళ్లు అడిగితే ఇచ్చేవాళ్లుగానీ చెంబు చేతికివ్వకుండా గట్టుమీద పెట్టేవాళ్లు. పొయ్యి వెలగని ఇల్లు కాబట్టి తిండి అడగలేడు, అడగకూడదు. గదినుంచి తెచ్చుకున్న జొన్నరొట్టె బండిలోనే తినేవాడు. ముందు సీటు ఖాళీగా ఉండేది. గిడ్డమ్మ ఉన్నప్పుడు అక్కడ కూర్చుని దారిపొడవునా మాట్లాడేది. కాస్త ఊరుకోవే అని శేషన్న విసుక్కునేవాడు. ఇప్పుడు విసుక్కునే భాగ్యం కూడా లేదు. ఒంటరితనం అంటే ఎవరూ లేకపోవడం అనుకునేవాడు ఒకప్పుడు. ఊరినిండా మనుషులుండి, వాళ్లందరూ నీవు వెళ్లిపోతే బాగుండునని ఎదురుచూడటం అని ఇప్పుడు తెలిసింది.

పెండ్లి బేరాలు తగ్గిపోయాయి. ఈ ఏడు మూఢం ఎక్కువ, ముహూర్తాలు లేవు అని సర్దిచెప్పుకున్నాడు. పక్కింటి ఆటోవాడు పెండ్లి దండలు కట్టిన బండ్ల వెనక రోజూ పరుగెత్తడం కంటితో చూస్తూనే సర్దిచెప్పుకున్నాడు. మూత బాగా కుదిరింది కదా, ఎవరికి తెలుస్తుంది అని ధైర్యం.

పెట్టె గోదాములో దించినప్పుడల్లా కేశవయ్య శెట్టి ఒకటే అడిగేవాడు. ఏమప్పా శేషన్నా, పేరు చదువుతాండారా జనం అని. శేషన్న చదువుతాండారు సెట్టీ అనేవాడు. అది అబద్ధం. పెట్టె పక్కన రాసిన నీలి అక్షరాలను ఎవరూ చదవడం ఆయన చూడలేదు. ఏడ్చేవాళ్ల కళ్లకు అక్షరాలు ఎక్కడ కనపడతాయి? కానీ ఆ మాట విన్నప్పుడు శెట్టి మొహం ఒక్క క్షణం తేటపడేది. ఆ క్షణం కోసం ఆ మాత్రం అబద్ధం ఆడవచ్చనుకునేవాడు. జనం ఈ పెట్టెను మరి ఏమని పిలుచుకుంటారు అనే ప్రశ్న శేషన్నకు తట్టనే లేదు.

అట్లా ఉండగా జీవమ్మ ఫోను చేసింది. శివకుమారికి సంబంధం కుదిరింది, ఆదోని దిక్కు ఊరు, పిల్లవాడు మంచివాడు, ముందురోజే రా అన్నా అంది. కార్డు పంపలేదు. సొంత మనిషికి కార్డెందుకని శేషన్న అనుకున్నాడు. బండి సంగతి ఆమె ఎత్తలేదు, ఈయనా ఎత్తలేదు. వద్దనలేదంటే రమ్మనే అర్థం చేసుకున్నాడు. కావలసిన అర్థం దొరికినప్పుడు మనిషి ఇంకో అర్థం ఎందుకు వెతుక్కుంటాడు?

మళ్లీ నాగరాజ్ షెడ్డు. మూతకు కొత్తగా తెల్లరంగు కొట్టించాడు. అదే పొరపాటైంది. ఏండ్ల ఎండకు వెలిసిన బండి తెలుపు వేరు, డబ్బాలోంచి వచ్చిన తెలుపు వేరు. మూత ఒక్కటీ కట్టుడుపన్నులా మెరిసింది. నాగరాజ్ పసుపు చుక్క కలిపి మళ్లీ కొట్టాడు, అయినా కలవలేదు. చివరికి శేషన్న పొయ్యిబూడిదా ఎర్రదుమ్మూ కలిపి మూతను రుద్దుకుంటూ కూర్చున్నాడు. పెండ్లికి పోయేవాళ్లు బండి తోముకుంటారు. ఈయన మసి పూసుకుంటున్నాడని నాగరాజ్ ఎగతాళి చేశాడు. అయితే పని ఫలించింది. మూత అచ్చం బండి వయసుకు వచ్చింది. ఇద్దరూ వెనక వంగి, పక్కనుంచి, ఎండలో, నీడలో చూశారు.

"తెలిసినోనికి తెలుస్తాది. తెలీనోనికి తెలీదు. పో, పిల్లను కూర్చోబెట్టుకోని దర్జాగా తోలు" అన్నాడు నాగరాజ్.

ఇద్దరూ బంపర్ దగ్గరే వంగి చూశారు. తలెత్తి పైకి చూడవలసిన పని ఎవరికీ తోచలేదు.

పెట్టెను గోదాములో దించి, రెండు రోజులు పిలుపులు ఒప్పుకోవద్దని శెట్టికి చెప్పాడు. శెట్టి మేనకోడలికి ఇమ్మని స్టీలు బిందె ఇచ్చాడు. శేషన్న వెనక సీటుకు ఉతికిన దుప్పటి పరిచాడు, ముందు అద్దానికి బంతిపూల దండ కట్టాడు, కొత్త చొక్కా తొడుక్కున్నాడు. కోసిగి దాకా దారిలో తనలో తాను నవ్వుకున్నాడంటే నమ్మాలి. కల్లూరులో ఎవరూ చూడని నవ్వు అది.

కోసిగి బస్టాండు దగ్గర హనుమేష్ నిలబడి ఉన్నాడు. హనుమేష్ అంటే జీవమ్మ మొగుడు, పెండ్లికూతురి తండ్రి. పెండ్లి పనులు నెత్తిమీద ఉన్న మనిషి రోడ్డుమీద ఎందుకున్నాడా అనుకుంటూ శేషన్న బండి ఆపాడు. హనుమేష్ కుశలం అడిగాడు, ఎండల గురించి మాట్లాడాడు, చివరికి నేలవైపు చూస్తూ అసలు మాట అన్నాడు.

"బావా, బండి ఈడనే పెట్టు. ఇంటికాడికి నడ్సుకుంటా పోదాం."

శేషన్న దిగి, ఆయన చేయి పట్టుకుని బండి వెనక్కు తీసుకుపోయాడు. వంగి మూతను చూపించాడు. యాడన్నా కొక్కెం కనపడ్తాండాదా, నీవే చెప్పు అన్నాడు. గొంతులో చిన్నపిల్లల మారాం లాంటిది వినపడింది.

"కొక్కెం ఎవురు సూడొచ్చినారు బావా" అన్నాడు హనుమేష్. "పైన పేరు సూడు."

శేషన్న తల పైకెత్తాడు. ఎర్ర రేడియం అక్షరాలు, కొసలు కాస్త వెలిసినా అద్దం నిండా, ఎంతో దూరాన్నుంచే చదవగలిగేంత పెద్దగా, శివకుమారి.

హనుమేష్ మెల్లగా చెప్పుకొచ్చాడు. ఆ దిక్కు ఊళ్లలో ఐసుపెట్టె అని ఎవరూ అనరట. శివకుమారి బండి అంటారట. ఎవరైనా మంచాన పడితే, ఇంక శివకుమారి బండికి చెప్పుకోవల్సిందే అంటారట. అల్లరి చేసే పిల్లల్ని శివకుమారి బండి వస్తాదని బెదిరిస్తారట. సంబంధం మాట్లాడేటప్పుడు పిల్ల పేరు చెప్పగానే పెండ్లికొడుకు అవ్వ ముఖం నల్లబడిందట. ఆ పేరు మా గడప లోపలికి రాకూడదని పట్టుబట్టిందట. సంబంధం తప్పిపోయేదే. చివరికి పెద్దలు కూర్చుని, పీటలమీదే పేరు మార్చాలని తేల్చారు. పద్మప్రియ అని పెట్టారు. కార్డులు ఆ పేరుతోనే అచ్చయ్యాయి. నీకెట్ల పంపేది బావా ఆ కార్డు అన్నాడు హనుమేష్.

శేషన్న మూతనూ పేరునూ మార్చి మార్చి చూశాడు. ఇన్నాళ్లూ దాచింది ఎక్కడ, బయటపడింది ఎక్కడ. ముద్దుగా పెట్టుకున్న పేరును తనే ఊరూరా తిప్పి చావుకు కట్టబెట్టి వచ్చాడు. ఇన్ని ఊళ్లలో ఇన్ని నోళ్లు పలికిన మాట తన చెవిన మాత్రం పడలేదు. ఎట్లా పడుతుంది? తను రాగానే అందరూ మాట ఆపేసేవాళ్లు కదా.

బిందె చంకన పెట్టుకుని నడిచే పోయాడు. జీవమ్మ ఎదురొచ్చి కాళ్లకు నీళ్లిచ్చింది, అన్న మొహంలోకి చూడలేకపోయింది. మరుసటి రోజు ముహూర్తానికి గంపలో పెండ్లికూతుర్ని మోసుకుపోయే పని మేనమామదే. అది ఎవరూ కాదనలేదు. గంప భుజానికెత్తుకున్నప్పుడు పిల్ల బరువు తెలిసింది. చిన్నప్పుడు ఇదే భుజంమీద తిరునాళ్లకు తీసుకుపోయేవాడు. పీటలమీద దించి పక్కకు జరిగాడు. అయ్యవారు పద్మప్రియా అని పిలిచాడు. పిల్ల తలెత్తలేదు. రెండోసారి పిలిచేదాకా, అది తననేనని ఆమెకు తెలియలేదు. మేళం మోగింది, తలంబ్రాలు పడ్డాయి, మూలన నిలబడి ఆయనా అక్షింతలు వేశాడు.

విస్తరి ముందు కూర్చుని తిన్నాడు. చేయి కడుక్కున్నాడు. ఎవరివైపూ చూడకుండా, ఎవరికీ చెప్పకుండా, పందిరి దాటి బస్టాండుకు నడిచాడు. కావాలని చేయలేదు. ఇన్ని చావు ఇళ్లు నేర్పిన నడక, పెండ్లింట్లో కూడా దానంతటదే వచ్చింది.

బండి ఎండలో నిలబడి ఉంది. బంతిదండ వాడిపోయింది. శేషన్న డాష్‌బోర్డులోంచి గడ్డం గీసుకునే బ్లేడు తీసుకుని వెనక్కు పోయాడు. మొదటి అక్షరం కొసకు బ్లేడు పెట్టి గీకాడు. ఏండ్లనాటి జిగురు, ఊరికే రాలేదు. కొస లేచింది. అప్పుడే ఫోను మోగింది. జీవమ్మ నంబరు. ఎత్తితే వినపడింది శివకుమారి గొంతు.

"చెప్పకుండా పోతాండావా మామా? ఇది పెండ్లిల్లు కదా."

అప్పుడుగానీ ఆయనకు తను చేసింది తెలియలేదు. మర్సిపోతి పాపా అన్నాడు. అటునుంచి మేళం చప్పుడు వినపడింది.

"ఏం చేస్తాండావు ఆడ?"

"ఏం లేదు. అద్దం తుడుస్తాండా."

మామ అబద్ధాలు ఎట్లా ఉంటాయో ఆ పిల్లకు చిన్నప్పటినుంచీ తెలుసు. గొంతు తగ్గించింది.

"పీకొద్దు మామా. ఈడ ఇంగ నన్ను ఆ పేరుతో ఎవురూ పిలవరు. మాయమ్మను గూడ పిలవొద్దన్నారు. ఆడన్నా ఉండనీ."

శేషన్న బ్లేడు పట్టుకున్న చేయి దించాడు. అది సచ్చినోళ్ల బండి పాపా అనబోయాడు. నోటిదాకా వచ్చిన మాటను మింగేశాడు. ఆ పిల్లకు తెలియక కాదు కదా. ఆ మాటకు బదులు, ఎన్నో ఇళ్ల వాకిళ్లలో మింగుతూ వచ్చిన మాట బయటికి వచ్చింది.

"పోయొస్తా శివమ్మా."

"పోయిరా మామా" అంది శివకుమారి. అటువైపు ఎవరో పద్మప్రియా అని పిలిచారు. ఫోను ఆగిపోయింది.

శేషన్న ఫోను జేబులో పెట్టుకున్నాడు. తర్వాత బంపర్ దగ్గర వంగి, లోపలికి చేయి పోనిచ్చి రెక్కల నట్టు విప్పాడు. మసిపూసిన మూతను తీసి వెనక సీటులో, పెండ్లికూతురు కూర్చోవాలని దుప్పటి పరిచిన చోట పెట్టాడు. కొక్కెం ఎండలో బాహాటంగా కనపడింది. కనపడనీ అనుకున్నాడు. చివరికి అద్దం దగ్గరికి పోయి, లేచిన అక్షరం కొసను బొటనవేలితో అదిమిపట్టి నిలబడ్డాడు. అద్దం ఎండకు కాలి ఉంది, జిగురు మెత్తబడింది. కాసేపటికి అది మళ్లీ అతుక్కుంది.